పేరు పెట్టి పిలిచే పాట

సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయని ఫోన్‌లోని పాటల యాప్ ఈ వారం తనంతట తానే నాకొక ప్లేలిస్ట్ తయారు చేసి పెట్టింది. చలికాలపు విషాద గీతాలట. వరసగా విన్నాను. అన్నీ ప్రేమ విఫలమైన పాటలే. నాకు కోపమొచ్చింది. ఇరవై ఏళ్ల పిల్లవాడి గుండె పగలడం తప్ప ఈ నేల మీద ఇంకో దుఃఖం లేదా?

ఆ కోపంతోనే సొంత జాబితా మొదలుపెట్టాను. షఫుల్ బటన్ నాకు నచ్చదు. ఒక పాట మిగిల్చిన బరువును తర్వాతి పాట అందుకోవాలి, దానికి వరస ఉండాలి. మొదట ‘దేవదాసు’లో ఘంటసాల. అదీ ప్రేమ వైఫల్యమే, కానీ దాని లోతు వేరు. ఆ సంగీతం చేసిన సి.ఆర్. సుబ్బురామన్ 1952లోనే, చిన్న వయసులో పోయారు. సినిమా వచ్చింది 1953లో. ఇది తెలిసినప్పటి నుంచి ఆ పాటల్లోని దిగులు నాకు ఇంకోలా వినిపిస్తుంది. తర్వాత ‘కుబుసం’ సినిమాలోని గోరటి వెంకన్న పాట. అందులో ఏడ్చేది ఒక మనిషి కాదు, పల్లె. సాలె మగ్గం మాట వచ్చేచోట మగ్గాల ఊరు సిరిసిల్లవాళ్లు ఎవరైనా ఆగిపోతారు.

మూడోది ‘బలగం’ చివరి పాట అనుకున్నాను. అక్కడే చిక్కుపడ్డాను.

మన సిరిసిల్ల వేణు ఎల్దండి తీసిన ఆ సినిమా 2023 మార్చిలో వచ్చింది. ఊళ్లల్లో తెర కట్టి, అందరూ ఒక్కచోట కూర్చుని చూశారు. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు చూసి కలిసిపోయారని పేపర్లలో చదివాం. అందులో ఇంటిపెద్ద కొమురయ్య చనిపోతే, ఆయనకు పెట్టిన కూడును పిట్ట ముట్టదు. మూడోనాడు ముట్టదు, ఐదోనాడు ముట్టదు. పదకొండోనాడు కొమురమ్మ, మొగిలయ్య పాట ఎత్తుకుంటారు. ఆ ఇద్దరూ నిజంగానే కథలు పాడే బుడగజంగాలు, వరంగల్ జిల్లా దుగ్గొండివాళ్లు. పోయినవాడి బతుకును అతని కొడుకులు, బిడ్డ, అల్లుడి ముందే పాడతారు. తినేటప్పుడు మాంసపు బొక్క కాడ మొదలైన పంతం ఆ పాటలో కరిగిపోతుంది. 2024 డిసెంబర్‌లో మొగిలయ్య కూడా పోయాడు.

ఆ పాట గాలిలోకి పాడింది కాదు. ఫలానా ఇంటి కోసం, ఆ ఇంటివాళ్లు ఎదురుగా కూర్చుంటే పాడింది. ఆదిలాబాద్ వైపు తోటి తెగ కళాకారులు కిక్రీ అనే తీగ వాద్యం వాయిస్తూ పాడేదీ అట్లాంటిదే. గోండు వంశాల కథలు ఆ వంశాలవాళ్లకే వినిపిస్తారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశంవాళ్లు కూడినప్పుడు, చలి కొరికే ఆ రాత్రిలో కిక్రీ వినాలి. ఆ తీగ ఎవరిని పిలుస్తుందో వాళ్లు అక్కడే ఉంటారు. అట్లాంటి పాటను ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుని, నడుమ ఆపి, చాయ్ తాగి మళ్లీ వినడం తప్పనిపించింది. తీసేశాను.

కానీ దుబాయ్‌లో ఉన్న మా మేనల్లుడు గుర్తొచ్చాడు. తండ్రి పోయినప్పుడు అతనికి సెలవు దొరకలేదు. దినాలన్నీ వీడియో కాల్‌లోనే చూశాడు. ఇక్కడ మేం పెట్టిన విస్తరి దిక్కు ఫోన్ తిప్పి పట్టుకుంటే, అటు నుంచి ఒక్కటే మాట అడిగాడు: “మామా, పిట్ట ముట్టిందా?” ముట్టిందని చెప్పాను. అతనికి కనబడలేదు, సిగ్నల్ పోయింది.

ఆ తర్వాత చాలా రోజులకు, డ్యూటీ దిగి క్యాంపు రూంకు పోయాక రోజూ ‘బలగం’ పాట పెట్టుకుంటానని చెప్పాడు. పక్క మంచాలవాళ్లు నిద్రపోతుంటారు కదా, ఇయర్‌ఫోన్స్‌లోనే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు పోయి తల్లిదండ్రుల దినాలకు రాలేకపోయిన కొడుకులు ఎందరు! పదిమంది నడుమ కూర్చుని ఏడవాల్సిన పాట వాళ్లకు చెవుల్లోకి మాత్రమే అందింది. అది తప్పని నేనెట్లా అంటాను?

పాటను మళ్లీ చేర్చాను, మూడోది కాదు, మొట్టమొదట. జాబితా అతనికి పంపాను. ఘంటసాలను, వెంకన్నను ఎప్పుడు వింటాడో, అసలు వింటాడో లేదో అతని ఇష్టం. ఈసారి వరస గురించి నేనేమీ రాయలేదు.