గంగిరెద్దు తలూపు: జాతీయంలో, వ్రతకథలో శిక్షణ

‘గంగిరెద్దులా తల ఊపడం’ అన్న జాతీయాన్ని ఆలోచన లేని సమ్మతికి గుర్తుగా వాడుతున్నాం. అధికారానికి లొంగిన పాత్రను వర్ణించేటప్పుడు విమర్శకులకు కూడా ఈ పోలిక సులువుగా దొరుకుతుంది. అయితే ఇది ఎవరి చూపులోంచి పుట్టిందన్నది విచారించవలసిన విషయం.

సంక్రాంతినాటి ముంగిట ఆటలో ఎద్దు ఊపేది ఒక్క ‘ఔను’ మాత్రమే కాదు. అడిగినదాన్ని బట్టి ‘కాదు’ అని కూడా తల తిప్పుతుంది, మోకాళ్లు వంచి మొక్కుతుంది. నేలమీద పడుకున్న యజమాని ఎదమీద నొప్పి తగలకుండా కాలు ఉంచుతుంది. తన బరువును తానే ఆపుకోవడం నేర్చిన జంతువును బుద్ధిహీనతకు ప్రతీక చేయడం వింతే. నిజానికి ఎద్దుకు ప్రశ్న అర్థం కాదు. గొంతులోని మార్పు, డోలు దెబ్బ, ముకుతాటి కదలిక దానికి సంకేతాలు. బెర్లిన్‌లో లెక్కలు చెప్పిన గుర్రంగా పేరుపడ్డ ‘హాన్స్’ కూడా ప్రశ్నించేవారి సూక్ష్మమైన దేహచలనాలనే చదువుతున్నదని ఆస్కార్ ఫుంగ్‌స్ట్ 1907లో నిరూపించాడు. ఆ గుర్రపు యజమానికి తాను సైగ చేస్తున్నట్లు తెలియదు. గంగిరెద్దులవానికి తెలుసు, అదే అతని విద్య.

ఎద్దు తల ఊపింది తనకేనని దాత అనుకుంటాడు. అది బదులు చెప్పినది ఆడించేవానికి. జాతీయం ఈ రెండో సంబంధాన్ని విడిచిపెట్టింది. కనుక అది అరుగుమీద కూర్చున్న దాత చేసిన అన్వయం.

ఈ పొరపాటు ఫలితమేమిటో వినాయకచవితి వ్రతకథలోని గజాసుర వృత్తాంతం చూపుతుంది. గజాసురుని ఉదరంలో ఉన్న శివుని విడిపించడానికి విష్ణువు గంగిరెద్దుల మేళమే తగునని నిశ్చయిస్తాడు. నందిని అలంకరిస్తాడు, దేవతలు వాద్యాలు పడతారు. ఆటకు మురిసిన అసురుడు ఏమి కావాలో కోరుకొమ్మంటాడు. తన వినోదం కోసమే ఎద్దు ఆడుతున్నదనుకున్న ప్రేక్షకుడతడు. వచ్చినవాడు విష్ణువని గ్రహించేసరికి మాట ఇచ్చివేశాడు. విష్ణువు ప్రేరేపించగానే నంది కొమ్ములతో అతని ఉదరాన్ని చీలుస్తుంది. ఆడిన ఎద్దే చంపిన ఎద్దు. రెండింటికీ ఆజ్ఞ ఒక్కచోటినుంచే వచ్చింది.

అలాగని వ్రతకథ గంగిరెద్దులవారికి పూర్తి న్యాయం చేసిందనలేను. నంది నేర్చుకోనక్కరలేదు, విష్ణువు నేర్పనక్కరలేదు. కోడెను ఎంచుకోవడం, డప్పుచప్పుళ్లకు బెదరకుండా మచ్చిక చేయడం, ఒక్కొక్క సైగనూ దినాలకొద్దీ అలవాటు చేయడం, సరిగా చేసినప్పుడు తినడానికేదైనా పెట్టడం: ఇవేవీ కథలోకి రాలేదు. జాతీయం నేర్పరిని తుడిచివేసింది. కథ అతని స్థానంలో దేవుణ్ణి నిలిపింది. మన జానపద పరిశోధన కూడా ముంగిట వినిపించే పాటకు ఇచ్చినంత శ్రద్ధ కొట్టంలో కోడెకు నేర్పేటప్పుడు పలికే మాటకు ఇవ్వలేదని నా అభిప్రాయం. అదిలింపులు, బుజ్జగింపులు, సగంలో ఆగిపోయే పిలుపులు దాత చెవిన పడని భాష. జాతీయానికి నిఘంటువు అర్థం రాసేటప్పుడు మనకు అందుబాటులో లేనిది అదే.