గోరింటాకు రాతల వెనుక

సిరంజిలో గోరింటాకు నింపి, ఎదురుగా కూర్చున్న స్త్రీ ముఖం మీద, చేతుల మీద, చివరికి పాదాల మీద కూడా అరబిక్‌లో రాస్తూ పోతారు లల్లా ఎసైదీ. గంటల తరబడి సాగే పని. కూర్చున్నది కిరాయి మోడల్ కాదు, బంధువో స్నేహితురాలో. వెనక గోడకు కట్టి, కింద నేలంతా పరిచిన తెల్లబట్ట నిండా కూడా అదే రాత. ఆ బట్ట సిద్ధం కావడానికే నెలలు పడుతుంది. ఇంత తతంగం అయ్యాకే పెద్ద ఫిల్మ్ కెమెరా పని మొదలవుతుంది.

ఎసైదీ 1956లో మొరాకోలోని మరాకెష్‌లో పుట్టారు. సౌదీ అరేబియాలో చాలాకాలం ఉండి, తర్వాత అమెరికాలోని బోస్టన్‌లో కళాభ్యాసం చేశారు. 'కన్వర్జింగ్ టెరిటరీస్' అనే తొలి వరుస ఫొటోలు తీసింది సొంత కుటుంబానికి చెందిన ఒక పాత ఇంట్లో. ఆమె చిన్నతనంలో, కట్టుబాటు దాటిన ఆడవాళ్లను నెల రోజులు ఆ ఇంట్లో ఉంచేవారట. పనివాళ్లు ఉంటారు గానీ పలకరించే మనిషి ఉండదు. మాట కరువైన ఆ గదుల్నే ఆమె మాటలతో నింపేశారు.

నగిషీ రాత ఇస్లామిక్ లోకంలో చాలాకాలం మగవాళ్ల విద్యగానే నడిచింది. గోరింటాకు ఆడవాళ్ల సొత్తు. మొరాకోలో ఈడేరినప్పుడు, పెళ్లికి, తొలి కాన్పుకు పెట్టుకుంటారు. ఆ విద్యను ఈ రంగుతో సాగించడంలోనే ఉంది ఎసైదీ చమత్కారం. రాసేది మతగ్రంథం కాదు, సొంత డైరీ. అదీ సాంతం చదవడానికి వీల్లేకుండా రాస్తారు. బట్ట మడతల్లో వాక్యం తెగిపోతుంది, వరుస మీద వరుస ఎక్కుతుంది. అరబిక్ వచ్చినవాళ్లకూ ముక్కలే దొరుకుతాయి.

ఎందుకింత దాపరికం? దానికి 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రాల దగ్గరికి వెళ్లాలి. యాంగ్ర్ 1814లో గీసిన దాసీ, దెలక్రువా 1834లో గీసిన అల్జియర్స్ స్త్రీలు యూరప్ కంటికి అంతఃపురాన్ని రంగుల్లో వడ్డించాయి. ఎసైదీ 'లే ఫామ్ ద్యు మరోక్' వరుసలో ఆ భంగిమల్నే తీసుకుని రంగులు తుడిచేశారు. పట్టు తెరలు, నగలు, హుక్కాలు మాయం. యాంగ్ర్ దాసీలాగే ఒకామె వెనక్కి తిరిగి చూస్తూ పడుకుని ఉంటుంది. కానీ వీపు మీద, అరికాళ్ల మీద అక్షరాలే. గోడకూ నేలకూ మనిషికీ ఒకే రాత కావడంతో గదికి లోతు పోతుంది, చూపు లోపలికి జారలేక పైపైనే ఆగిపోతుంది. నెగెటివ్ నల్ల అంచును కూడా కత్తిరించకుండా ఉంచేస్తారు, ఇది కిటికీ కాదు ఫొటో అని గుర్తు చేస్తూ.

ఇరాన్‌లో పుట్టిన షిరిన్ నెషాత్ కూడా ముఖాల మీద రాశారు. 1993-97 మధ్య వచ్చిన 'విమెన్ ఆఫ్ అల్లా'లో చాదర్ కప్పుకున్న స్త్రీలు, తుపాకులు, ఫార్సీ కవయిత్రుల పంక్తులు ఉంటాయి. ఫార్సీ రానివాళ్లు వాటిని ఖురాన్ అనుకుని భయపడటం కూడా కద్దు. అయితే నెషాత్ సిరాతో రాసేది ప్రింటు మీద, అంటే ఫొటో అయ్యాక. ఎసైదీ రాసేది ఒంటి మీద, ఫొటోకు ముందు. నెషాత్ అక్షరం బొమ్మకు వ్యాఖ్యానం. ఎసైదీ అక్షరం పరదా. కెమెరా కన్ను పడేలోపే ఆ స్త్రీ తన చాటు తాను కట్టుకుని కూర్చుంటుంది. నా ఓటు రెండోదానికే.

పరదాకూ కెమెరాకూ పేచీ మన హైదరాబాదుకూ తెలుసు. 1892లో రాజా దీన్ దయాళ్ ఇక్కడ ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, నిర్వహణను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. కెమెరా వెనక ఆడమనిషి ఉంటే చాలు, సగం సమస్య తీరింది. ప్రింట్లు వెళ్లేది ఇంటికే కదా! ఎసైదీ ప్రింట్లు వెళ్లేది మ్యూజియం గోడల మీదికి. అక్కడ చూసేది ఎవరో చెప్పలేం.

ఒక అనుమానం మాత్రం పోదు. 'బులెట్స్' వరుసలో ఆమె వాడిన తూటా గొట్టాలు దూరం నుంచి బంగారు నగల్లా తళతళలాడతాయి. దగ్గరికెళ్తే గానీ ఇత్తడి అని తెలియదు. దగ్గరికి వెళ్లని కొనుగోలుదారుకు అది మళ్లీ పాత అంతఃపురమే కావచ్చు. పైగా ఈ బొమ్మల్లో నవ్వు తక్కువ.

నవ్వు కావాలంటే టెహ్రాన్ వెళ్లాలి. షాదీ ఘదిరియాన్ తనకు పెళ్లి కానుకలుగా వచ్చిన ఇంటి సామాన్లు చూసి 'లైక్ ఎవ్రీడే' వరుస తీశారు. పూల చాదర్ కప్పిన ఆకారం, ముఖం ఉండాల్సిన చోట ఒకదాంట్లో ఇస్త్రీ పెట్టె, ఇంకోదాంట్లో చీపురు. చాదర్‌ను చూసి జాలిపడదామని వచ్చినవాళ్లకు ఇక్కడ తమ వంటిల్లే ఎదురవుతుంది.