పిల్లల చేతికి ఏ కథ?

రంజాన్ వస్తే కడప, కర్నూలు ఇళ్లలోకి పిల్లల టోపీలు, కొత్త బట్టలు, గాజులు, అత్తరు సీసాలు వస్తాయి. కథల పుస్తకం రావడం మాత్రం అరుదు.

కొనాలనుకున్న తల్లికి మొదట అడ్డొచ్చేది భాష. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగో ఇంగ్లీషో. దూదేకుల ముస్లింల ఇళ్లలో ఇంటి మాట కూడా తెలుగే. ఉర్దూ చదవగలిగిన పిల్లలకు ఢిల్లీ ఉర్దూ అకాడమీ వారి మాసపత్రిక ‘ఉమంగ్’ ఉంది. మిగతావాళ్లకు నానీ చెప్పే కథ చెవికి తెలుసు, ఉర్దూ లిపి కంటికి తెలియదు. అలాంటి ఇంట్లో తెలుగు పుస్తకమే అక్కరకొస్తుంది.

భాష కుదిరాక పుస్తకాల అరలు వేరుచేయాలి. బావిలో పడేసిన యూసుఫ్, చేప కడుపులోని యూనుస్ ప్రవక్తల గాథలు విశ్వాసులకు కల్పన కాదు. గుడ్‌వర్డ్ బుక్స్, హైదరాబాద్‌లోని తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ వేసే ధార్మిక పుస్తకాలు ఒక అరలో, కల్పిత కథలు మరో అరలో ఉండాలి. “అమ్మీ, ఇది నిజంగా జరిగిందా?” అని పిల్ల అడిగితే తల్లి తడుముకోకూడదు.

కల్పిత కథల్లో ముందు చదివించాల్సింది 1933 నాటి ప్రేమ్‌చంద్ కథ ‘ఈద్గాహ్’. హామిద్ జేబులో ఉన్నవి మూడు పైసలే. తోటి పిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొంటుంటే వాడు ఇనుప సామాన్ల అంగడి ముందు ఆగుతాడు. రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ అమీనా వేళ్లు కాలుతున్నాయి కదా! అంగడివాడు ఆరు పైసలంటాడు, ఐదుకు దిగుతాడు. గీచి గీచి బేరమాడి మూడు పైసలకే పట్టకారు తెస్తాడు హామిద్. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని దాదీ ముందు తిట్టి, తర్వాత ఏడుస్తుంది. పండగ, నమాజు, పేదరికం, ప్రేమ అన్నీ ఉన్న ఈ కథలో ఉపన్యాసం లేదు. రాసినాయన ముస్లిం కాదు. పైన ఎవరి పేరుందో చూసి పుస్తకం ఎంచుకోకూడదనేది అందుకే.

నమాజు ఎగ్గొట్టిన పిల్లవాడు సాయంత్రానికి సైకిల్ మీంచి పడే కథలను ఇంటికి తేవద్దు. అల్లా కర్ర పట్టుకుని కాచుకున్నాడనే భయం తప్ప పిల్లకు వాటిలో దొరికేది ఏమీ లేదు. పెద్దలు ముందు గట్టిగా చదివి చూసుకోవాలి. కథలోని ఆడపిల్ల తనంతట తాను ఒక్క నిర్ణయమైనా తీసుకుంటుందా, పొరుగింటి హిందూ పిల్లవాడు మనిషిలా కనిపిస్తాడా అన్నది గమనించాలి.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మన రచయితలున్నారు. 1999లో వచ్చిన ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో కావలి ముస్లిం పిల్లవాడి బాల్యం ఉంది. కడప జిల్లా వేంపల్లెకు చెందిన షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

ఎనిమిదేళ్ల పిల్లకు మాత్రం రాయలసీమ నేల మీది కథలు ఇంకా కావాలి. కొళాయి రాని రోజు నమాజుకు ముందు చేసే వుజూ కోసం చెంబెడు నీళ్లు దాచే పిల్ల, ఆ చెంబూ ఒలికిపోతే శుభ్రమైన మట్టితో తయమ్మం నేర్పే దాదీ, ఇంత చాలు ఒక కథకు. కడప పెద్దదర్గా ఉరుసు అంగళ్లలో బొమ్మల పక్కన పది రూపాయలకు దొరికేలా అలాంటి చిన్న పుస్తకాలను సీమ రచయితలు రాయాలి, ఊరి పెద్దలు అచ్చు వేయించాలి.