మల్లాం రాయి

మా కోట మండలానికి పక్క మండలం చిట్టమూరు. అందులోని మల్లాం పేరెత్తితే అందరికీ సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. నాకు మాత్రం పట్టైపొత్తన్ గుర్తొస్తాడు. 9వ శతాబ్దపు మనిషి. కంపవర్మ ఏలుబడి 20వ ఏట భటారి అమ్మవారికి ఒంట్లో తొమ్మిది చోట్ల కండ కోసి ఇచ్చి, ఆఖరికి తల కూడా తరిగి పీఠం మీద పెట్టాడు. ఆ సంగతి చెక్కిన శాసనం తమిళంలో ఉంది. గూడూరు వైపు పాత శాసనాలు చాలా తమిళంలోనే ఉంటాయి.

ఇలాంటివాటిని నేటి తెలుగులోకి తేవడం నా వ్యాపకం. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేశారు. దారి వాళ్లు వేసిందే. కానీ చదివేవాళ్లకు కావలసింది వేరు. "ఏం కష్టమొచ్చిందబ్బయా వాడికి?" అంటారు. ఏ మొక్కు కోసమో, ఎవరి గెలుపు కోసమో రాయి విడమరచదు. నేనే ఓ వాక్యం అల్లేస్తే కథ రక్తి కడుతుంది. చెయ్యి దురద పెడుతుంది కూడా.

అప్పుడు బాబిలోనియా వాళ్ల గిల్గమేష్ కావ్యాన్ని తలుచుకుంటాను. మట్టి పలకలు పగిలిన చోట నమ్మదగ్గ అనువాదకులు ఖాళీని ఖాళీగానే వదిలారు. అయిదో పలకలో దేవదారు అడవి వర్ణన అలా తెగిపోయి ఉండేది. ఇరాక్‌లోని సులేమానియా మ్యూజియం 2011లో కొన్న ఓ పలకను ఫారూఖ్ అల్ రావి, ఆండ్రూ జార్జ్ చదివి 2014లో ప్రకటించారు. ఇరవై దాకా కొత్త పంక్తులు దొరికాయి. అడవి నిండా పక్షుల కూతలు, కీచురాళ్ల రొద, కోతుల అరుపులు! అదంతా అడవి కావలివాడు హుంబాబాకు రోజూ జరిగే మేళమట, రాజుగారి కొలువులో మాదిరి. ఆ ఖాళీని సొంతంగా పూరించబోయినవాడు గుండె ఝల్లుమనే నిశ్శబ్దాన్నే రాసి ఉండేవాడు. నేనైతే రాసేవాణ్ణే.

అందుకే పట్టైపొత్తన్ మనసులోకి దూరను. అయినా రాయి ఇచ్చింది తక్కువా? ఊరివాళ్లు డప్పు కొట్టించారు, శిల నిలిపారు, భూమి ఇచ్చారు. కాదన్నవాళ్లకు గంగకూ కన్యాకుమారికీ నడుమ 700 ఆమడల నేల మీద జరిగిన పాపమంతా చుట్టుకుంటుందన్నారు. పాపానికి జడవని ఘటాలు ఆ రోజుల్లోనూ ఉండే ఉంటారు. శాపం వెనకే జరిమానా కూడా చెక్కించారు, రాజుకు పావు పొన్ను.