బొమ్మల కథకు కర్త లెవరు?

కదిరి, పెనుకొండ ప్రాంతాల ఉపాధ్యాయులు విద్యార్థులను లేపాక్షికి విహారయాత్రకు తీసికొనిపోవుట కద్దు. అక్కడి ఆలయపు పైకప్పు మీద కిరాతార్జునీయ గాథ వరుస బొమ్మలలో నడచుచున్నది. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు పిల్లలు వెంటనే చెప్పుదురు. కుంచె పట్టినవారి పేరు అడిగినచో సమాధానముండదు. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట కూడ బొమ్మల కథల విషయములో ఈ అలవాటు పూర్తిగా పోలేదు.

'చందమామ'లో 1954 లో ఆరంభమైన 'తోకచుక్క' సీరియలునే తీసికొందము. దానికి 'చిత్రా' అను టి. వి. రాఘవన్ బొమ్మలు వేసినారు. ఆయన సంతకము బొమ్మలోనే ఉండెడిది. కథ వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు మాత్రము ఆ పుటలలో లేదు. 1952 నుండి 1980 వరకు ఆ పత్రిక భాషను, కథలను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పేరు కూడ సంపాదకుడుగా అచ్చు కాలేదు. ఒక తరము పిల్లలు ఎవరి వాక్యములు చదివి తెలుగు నేర్చిరో, ఆయన పేరే వారికి తెలియదు!

'తోకచుక్క' విజ్ఞాన కల్పన కాదు. పేరు ఖగోళశాస్త్రానిది, కథ మాంత్రికులది. నిజమైన విజ్ఞాన కల్పనలో ఇట్టి చిక్కు ఎట్లు వచ్చినదో చూతము. 1952 లో అమెరికాలో 'వియర్డ్ ఫాంటసీ' పత్రిక 13వ సంచికలో 'హోమ్ టు స్టే' అను బొమ్మల కథ వెలువడినది. రచన ఆల్ ఫెల్డ్‌స్టీన్‌ది, బొమ్మలు వాలెస్ వుడ్‌వి. అయితే కథావస్తువు రే బ్రాడ్‌బరీ వ్రాసిన రెండు కథలనుండి గ్రహించినది. ఆయన పేరు లేదు, అనుమతియు లేదు. బ్రాడ్‌బరీ కోపగించుకొనలేదు. తనకు రావలసిన యాభై డాలర్లు పంపుట మరచినట్లున్నారని ప్రచురణకర్త విలియం గెయిన్స్‌కు మర్యాదగా ఉత్తరము వ్రాసినాడు. సొమ్ము వచ్చినది. ఆపైన ఆయన కథలు ఆయన పేరుతోనే, అనుమతితోనే బొమ్మల రూపములో వచ్చినవి.

ఈ కథ చివర వ్యోమనౌకనుండి విడిపోయిన తండ్రి భూమివైపు పడిపోవును. ఇంటివద్దనున్న కొడుకునకు అది రాలుచుక్కగా కనిపించును. హృదయమును కదిలించు ముగింపు ఇది. శాస్త్రదృష్టికి కూడ నిలుచును. అంతరిక్షమునుండి వచ్చు ఉల్క సెకనుకు కనీసము 11 కిలోమీటర్ల వేగముతో వాయుమండలములో ప్రవేశించును. దాని ముందున్న గాలి ఒక్కసారిగా నొక్కుకొని విపరీతముగా వేడెక్కును. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున మనకు కనిపించు వెలుగు అదియే. తోకచుక్క వేరు. అది మంచు, ధూళి కలిసిన ముద్ద. సూర్యుని వేడికి ఆవిరియై తోక ఏర్పడును. ఉల్కకు క్షణకాలపు జీవితము, తోకచుక్కకు వారాలు, నెలలు. ఈ భేదమును తరగతిలో చెప్పుటకు ఆ రెండు కథల పేర్లు పక్కపక్కన పెట్టిన చాలును.

పేర్లు లేకపోవుటకు సమర్థన లేకపోలేదు. బొమ్మల కథ పలువురి శ్రమ. ఒకరు వ్రాయుదురు, వేరొకరు గీయుదురు, ఇంకొకరు అక్షరములు దిద్దుదురు, మరొకరు రంగులు కూర్తురు. 'వియర్డ్ ఫాంటసీ' సంస్థలో రంగుల పని మారీ సెవరిన్‌ది. ఒక్కరి పేరే వేసినచో మిగిలినవారికి అన్యాయము. కావున సంస్థ పేరే చాలునని వాదము. కాని పలువురు పనిచేసినప్పుడు పలువురి పేర్లు వేయవలెనే గాని, అందరివీ తీసివేయుట న్యాయము కాదు.

విజ్ఞానశాస్త్రములో ఈ నియమము మనకు క్రొత్త కాదు. ప్రయోగము చేసినవారెవరు, ఎప్పుడు చేసినారు, ఆధారమెవరిది అని వ్రాయని నివేదికను ఉపాధ్యాయుడు అంగీకరింపడు. పేరు కీర్తికొరకు మాత్రమే కాదు. తప్పు దొరికినప్పుడు ఎవరిని అడుగవలెనో తెలియుటకు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు తరువాత ఆయన పేరుతో పుస్తకములుగా వచ్చినవి. ఆలస్యమైనను అది మంచి పని.

ఈసారి విద్యార్థులచేత ఒక పుట బొమ్మల కథ చేయించండి. మూలము, రచన, బొమ్మలు, అక్షరములు, రంగులు ఎవరివో కింద వ్రాయించండి. ఆ అయిదు పంక్తులకు కూడ మార్కులు వేయండి.