ఖైదీ రాకుండానే ఖైదు విచారణ

జైల్లో ఉన్నవాడు తనను విడిపించమని ఏ కోర్టు తలుపు తట్టాలి? సోలాపూర్‌కి ఇది పాత ప్రశ్నే. 1930 మేలో ఊళ్లో మార్షల్ లా పెట్టి సైనికాధికారులు శిక్షలు వేస్తే, శిక్షపడ్డవాళ్లు బొంబాయి హైకోర్టు గడప తొక్కారు. చనప్ప శాంతిరప్ప పేరుతో ఆ కేసు లా పుస్తకాలకెక్కింది. సోలాపూర్ పక్కనే కుంభారి నేతపేటల్లో తెలుగు మాట్లాడే మనకు ఇంకా దగ్గరిది మరొకటుంది. 1973 జనవరిలో విశాఖపట్నం సెంట్రల్ జైలు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిన కానూ సన్యాల్ పిటిషన్ అది. దానిమీద జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన రెండు తీర్పుల్నీ పనితనం కోసమే చదవొచ్చు.

కేసు పేరులోనే చిక్కుంది. మనిషి విశాఖ జైల్లో, ఎదుటిపక్షం డార్జిలింగ్ జిల్లా మేజిస్ట్రేటు. నక్సల్బరీ నాయకుడైన సన్యాల్‌ను డార్జిలింగ్ జైలు నుంచి పార్వతీపురం కుట్ర కేసులో విశాఖ స్పెషల్ జడ్జి ముందుకు తెచ్చారు. హైకోర్టుకైతే కలకత్తా వెళ్లాలా, హైదరాబాదా? కేసుకి కారణం పుట్టిన చోటి హైకోర్టు కూడా వినొచ్చని 1963లో రాజ్యాంగ పదిహేనో సవరణ ఈ పేచీని కొంత సర్దింది. 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు ఆ ఎల్లలే లేవు.

కోర్టు నోటీసిచ్చింది గానీ ఖైదీని తీసుకురానక్కర్లేదంది. అదెలా కుదురుతుందని వాదన. మనిషిని కోర్టులో నిలబెట్టడమే ఈ హెబియస్ కార్పస్ రిట్టుకి ప్రాణం కదా!

1973 సెప్టెంబరు 11 నాటి తీర్పులో భగవతి నేరుగా జవాబు చెప్పరు. ముందు ఇంగ్లండు చరిత్రలోకి తీసుకెళతారు. మొదట్లో ఈ రిట్టుకి స్వేచ్ఛతో సంబంధమే లేదు, కక్షిదారుల్ని కోర్టుకి రప్పించే సాధనం అంతే. తర్వాత పోటీ కోర్టుల మీద ఆయుధమైంది, పదిహేడో శతాబ్దానికి రాజు మీదే ఎక్కుపెట్టారు. అక్కడి నుంచి మన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 491వ సెక్షనుకీ, సుప్రీంకోర్టు రూల్సుకీ వస్తారు. పాత పడుగు చివరికి కొత్త పడుగును పోగు పోగూ అతికినట్టే. ఆ అతుకు పూర్తయ్యాక జవాబు తనంతట తానే వస్తుంది: అసలు పని నిర్బంధం చట్టబద్ధమా కాదా తేల్చడం, మనిషిని రప్పించడం దానికి సాయం మాత్రమే. అఫిడవిట్ల మీదే అది తేలితే ఖైదీ రానక్కర్లేదు.

అల్లిక బాగుంది. కానీ ఒంటిమీద దెబ్బలు అఫిడవిట్లో కనబడవన్న సంగతి ఆ అల్లికలో పట్టలేదనిపిస్తుంది నాకు.

1974 ఫిబ్రవరి 5న వచ్చిన రెండో తీర్పు క్లుప్తత నాకు మరీ ఇష్టం. సన్యాల్ అభ్యంతరాలు మూడు: డార్జిలింగ్ జైల్లో మొదట పెట్టిన తీరు తప్పు, అక్కడి మేజిస్ట్రేటుకు అధికారం లేదు, విశాఖలో ఉంచడమూ చెల్లదు. భగవతి ఒకే ఒక్క ప్రశ్నతో మొదటి రెంటినీ పక్కన పెట్టేశారు. ఏ తేదీ నాటి నిర్బంధాన్ని చూడాలి? మరీ వెనక్కి వెళ్లినా, పిటిషన్ వేసిన రోజు దాటి పోనక్కర్లేదు. ఆ రోజుకి మనిషి విశాఖలో ఉన్నాడు, డార్జిలింగ్ గొడవ ఎగిరిపోయింది. మిగిలింది విశాఖ. స్పెషల్ జడ్జి ముందుకొచ్చాక ఆయన ఆర్డరు మీదే జైల్లో ఉన్నాడు, తెచ్చిన తీరులో లోపమున్నా ఆ ఆర్డరుకి అంటదు. సన్యాల్ ఓడిపోయారు.

ఇంత నేర్పుగల చెయ్యే 1976లో జబల్‌పూర్ కేసులో ఎమర్జెన్సీ ఖైదీలకు కోర్టు తలుపు మూసిన మెజారిటీతో కలిసింది. 2011లో ఆయనే అది తప్పని బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఇప్పటికీ రిమాండ్ ఆర్డరు చూపించి హెబియస్ కార్పస్ పిటిషన్ కొట్టేయమనే ప్రభుత్వ వకీళ్లకు ఆ 1974 తీర్పు పనికొస్తుంది. పైకి చూడగానే అధికారం లేకుండా ఇచ్చినదిగా కనబడని ఆర్డరుకే ఆ రక్షణ, ఆ షరతును మాత్రం ఎదుటి వకీలే గుర్తుచేయాలి.