ఒకే అడుగు, వేర్వేరు ముఖాలు

అమెరికాలో నేషనల్ గార్డ్ ప్రధానంగా రాష్ట్రాల సైన్యం. వరదలొస్తే గవర్నరు పిలుస్తాడు, యుద్ధమొస్తే అధ్యక్షుడు పిలుస్తాడు. 1636 డిసెంబరు 13న మసాచుసెట్స్ బే వలస పాలక సభ తన ఊళ్ల కాపలా దళాలను మూడు పటాలాలుగా కూర్చమని ఆదేశించింది. నేషనల్ గార్డ్ ఇప్పటికీ ఆ తేదీనే తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. అంత పాత వారసత్వం ఉన్న మసాచుసెట్స్‌లో ఎన్నో పటాలాలు పుట్టాయి, రద్దయ్యాయి, పేర్లు మార్చుకున్నాయి. వాటిలో ఒకదానికి మాత్రం గొప్ప శిల్పి దొరికాడు. ఆ పటాలం 54వ మసాచుసెట్స్ పదాతి దళం. ఆ శిల్పి ఆగస్టస్ సెయింట్ గాడెన్స్.

అంతర్యుద్ధం నడుమ 1863లో గవర్నర్ జాన్ ఆండ్రూ నల్లజాతి యువకులతో ఈ పటాలాన్ని కూర్చాడు. నాయకత్వం పాతికేళ్ల తెల్లవాడు కర్నల్ రాబర్ట్ గూల్డ్ షా చేతిలో పెట్టాడు. అదే ఏడాది మే 28న వాళ్లు బోస్టన్‌లో శాసనసభ భవనం ముందు కవాతు చేసి దక్షిణాదికి ఓడెక్కారు. జులై 18న చార్లెస్టన్ రేవు దగ్గర ఫోర్ట్ వాగ్నర్ కోట మీదికి దాదాపు 600 మంది దూకారు. వాళ్లలో 250 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా శత్రువులకు చిక్కారు. షా కోట గోడ మీదే కూలిపోయాడు. శత్రువులు అతణ్ని తన సైనికులతో కలిపి ఒకే గోతిలో పూడ్చారు. కొడుకు శవాన్ని అక్కణ్నుంచి కదిలించవద్దని తండ్రి కోరాడు. ఈ పటాలానికి మొదట ఇస్తామన్న నెల జీతం 13 డాలర్లు. తీరా ఇవ్వబోయింది 10, అందులో బట్టల కింద 3 కోత. తెల్ల సైనికులతో సమానంగా ఇచ్చేదాకా ఏమీ తీసుకోమని వాళ్లు నెలల తరబడి జీతం లేకుండానే పోరాడి, 1864లో ఆ హక్కు సాధించారు.

ఆ మే 28 కవాతునే సెయింట్ గాడెన్స్ కంచులో పోయించాడు. అదే శాసనసభ భవనానికి ఎదురుగా, బోస్టన్ కామన్ ఉద్యానం అంచున, సుమారు 11 అడుగుల ఎత్తు, 14 అడుగుల వెడల్పు ఉన్న ఉబ్బెత్తు శిల్పం అది. చుట్టూ ఉన్న రాతి కట్టడం వాస్తుశిల్పి చార్లెస్ మెకిమ్‌ది. 1884లో ఒప్పందమైతే 1897 మే 31న ఆవిష్కరణ జరిగింది. అడిగినవాళ్లకు ఓపిక నశించినా, ఆయన చేతికి సంతృప్తి కలగందే పని వదల్లేదు.

మొదట ఆయన తలచింది గుర్రం మీద షా విగ్రహం ఒక్కటే. షా కుటుంబం ఒప్పుకోలేదు. అలాంటి విగ్రహాలు గొప్ప సేనానులకు తగినవి, మా అబ్బాయికి అంత ఆడంబరం వద్దన్నారు. ఆ అభ్యంతరమే శిల్పానికి ప్రాణం పోసింది. గుర్రం అలాగే ఉంది, కానీ దాని పక్కనే, వెనుక, ముందు సైనికులు వచ్చి చేరారు. విగ్రహం కావలసింది పటాలమైంది.

సెయింట్ గాడెన్స్ ఒక చెప్పులు కుట్టేవాడి కొడుకు. పదమూడో ఏట శంఖాల మీదా, రంగురాళ్ల మీదా బొటనవేలంత ముఖాలు చెక్కే కామియో పనికి కుదిరాడు. ఎంత లోతు తవ్వితే ఎంత నీడ పడుతుందో, పొర మందం తగ్గితే ఆకారం ఎంత దూరం జరిగినట్టు కనిపిస్తుందో అతని వేళ్లు చిన్నప్పుడే నేర్చుకున్నాయి. ఆయనే రూపొందించిన 1907 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణెం అందాన్ని చూసినా ఆ చదువు తెలుస్తుంది. ఈ కంచు పలకలో అదే విద్య మనిషెత్తుకు పెరిగింది. షా, అతని గుర్రం దాదాపు పూర్తి విగ్రహాల్లా పలక నుంచి బయటికి వచ్చేశాయి. వాళ్ల పక్కన నడిచే మొదటి వరస సైనికులు సగం బయట, సగం లోపల. వెనక వరస మరింత లోపలికి దిగింది. అన్నిటికన్నా లోపల ఉన్నవాళ్లకు మిగిలింది ఒక నుదురు, ఒక ముక్కు, ఒక గడ్డం గీత మాత్రమే. అయినా వీధిలో నిలబడి చూస్తే అక్కడ ఒక దండంతా ఉన్నట్టే అనిపిస్తుంది.

కింద కాళ్లన్నీ ఒకే వాలులో ముందుకు పడుతున్నాయి. పైన తుపాకులన్నీ ఒకే వాలులో భుజాల మీద ఆనాయి. ఈ రెండు వాలుల మధ్య ముఖాలు. అక్కడే ఏ రెండూ ఒకటి కాదు. ఒకరికి దట్టమైన గడ్డం, ఒకరికి మీసం కూడా మొలవలేదు. ఒకడి దవడ బిగుసుకుంది, ఒకడి కళ్లలో అలసట. అన్నిటికన్నా ముందు డోలు కొట్టుకుంటూ నడిచే పసివాడు. సెయింట్ గాడెన్స్ న్యూయార్క్‌లో నల్లజాతి మనుషులను పిలిచి, కూర్చోబెట్టి, దాదాపు 40 తలలు మట్టిలో చేసి, అందులోంచి కావలసినవి ఎంచుకున్నాడట. అమెరికా శిల్పంలో నల్లజాతి సైనికులను ఇంత మందిని ఇంత శ్రద్ధగా, ఎవరి ముఖం వారికిచ్చి చూపిన పని అంతకు ముందు లేదు. ఒక పటాలం అంటే ఏమిటో ఈ శిల్పం చెప్పినట్టు ఏ యుద్ధ చరిత్రా చెప్పలేదు. అడుగు అందరిదీ, ముఖం ఎవరిది వాళ్లది.

చిన్న పనులు కూడా వదల్లేదు. నడకకు ప్యాంటు మోకాలి దగ్గర పడ్డ ముడతలు, నీళ్ల సీసాల పట్టీలు, చుట్టి కట్టిన దుప్పట్లు. గుర్రం ముందుకు దూకబోతుంటే బిగించి పట్టిన కళ్లెం. షా చేతిలో దూసిన కత్తి కిందికి వాలి ఉంది. యుద్ధం ఇంకా రాలేదు, కానీ వస్తుంది.

పైన ఎగురుతున్న దేవత సంగతి వేరు. అక్కర్లేదని ఆయన స్నేహితుడే అన్నాడు. ఆయన వినలేదు, ఆమె ముఖాన్నీ బట్టల మడతలనూ మళ్లీ మళ్లీ మార్చాడు. ఆవిష్కరణ తర్వాత కూడా ప్లాస్టర్ అచ్చులో దిద్దుతూనే ఉన్నాడు. నా మటుకు నాకు ఆ నడకకు దేవత అవసరం లేదనిపిస్తుంది. కానీ ఆమెను అతి పల్చని ఉబ్బుతో చెక్కి నింగిలోకి నెట్టడంలో శిల్పి సంయమనం ఉంది. నడిచేవాళ్ల మీద ఆమె నీడ పడదు.

ఒక వెలితి చెప్పక తప్పదు. తన ఎదుట కూర్చున్న నల్లజాతి మనుషుల గురించి సెయింట్ గాడెన్స్ తన జ్ఞాపకాల్లో చులకనగా రాశాడు. ఆ నోటిమాట నాకు బాధ కలిగిస్తుంది, అయితే చేతిపనిలో ఆ చులకన ఎక్కడా లేదు. అలాగే స్మారకం వెనక మొదట తెల్ల అధికారుల పేర్లే చెక్కారు. చనిపోయిన 64 మంది నల్ల సైనికుల పేర్లు చేరడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆవిష్కరణ రోజున బతికి ఉన్న పటాలం వాళ్లు తెల్లబడిన తలలతో ఈ శిల్పం ముందు నడిచారు. ఫోర్ట్ వాగ్నర్‌లో ఒళ్లంతా గాయాలతో జెండాను కాపాడిన విలియం కార్నీ వాళ్లలో ఉన్నాడు. అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది 1900లో. 2008లో మసాచుసెట్స్ నేషనల్ గార్డ్ 54వ పటాలం పేరును తన గౌరవ దళానికి తిరిగి పెట్టింది. ఇప్పుడా దళం సైనికుల అంత్యక్రియల్లోనూ, రాష్ట్ర ఉత్సవాల్లోనూ నిలబడుతోంది.

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు, పిల్లలను చూడ్డానికి అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు ఒక గంట తీరిక చేసుకుని ఈ స్మారకాన్ని చూడండి. ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వచ్చేయకండి. ముందు ఎడమ వైపు నుంచి, గుర్రం వెనక నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా డోలు కొట్టే పిల్లవాడి దాకా నడవండి. తర్వాత వెనక్కి వెళ్లి ఆ 64 పేర్లూ చదవండి. వాషింగ్టన్ వెళ్తే నేషనల్ గ్యాలరీలో దీని ప్లాస్టర్ ప్రతి ఉంది, ముఖాలను మరింత దగ్గరగా చూడొచ్చు.